తునికాకు సీజన్ అయిపోయినా విప్పని తువ్వాలు

మా ఆడబిడ్డ నవీన ఏదో ఒక రోజు తన ముక్కును తానే చెక్కేసుకుంటుందని నా భయం. నాకున్న భయాలన్నింటిలోకీ ఇదే పెద్దది.

అయినా నా మాట నమ్మండి: ఇంట్లో ఆడపిల్లకు తన ముఖం తనకు నచ్చకపోవడమంత అదృష్టం ఇంకొకటి లేదు! అనుభవం మీద చెబుతున్నాను.

మాది బీజాపూర్ జిల్లా అడవుల్లో, మద్దేడ్ దగ్గర పల్లె. ఎండాకాలం తునికాకు కోతకు అడవికి పోయేటప్పుడు ఆడవాళ్లమంతా ఎండకూ దుమ్ముకూ ముఖానికి తువ్వాలు చుట్టుకుంటాం. ఆకు కట్టలు ఎండబెట్టే ఫడ్ దగ్గర ఎవరు ఎవరో గొంతును బట్టి పోల్చుకోవాల్సిందే. సీజన్ అయిపోయింది, అందరం విప్పేశాం. వానలు పడ్డాయి, నాట్లు కూడా పడ్డాయి. నవీన విప్పలేదు.

మా అత్త సారలమ్మ మురిసిపోయింది. "ఈ కాలం పోరిల తీరు కాదు నా బిడ్డ. మొగోళ్లకు మొకం సుత చూపియ్యది" అని ఇంటింటికీ చెప్పింది. పంతొమ్మిదేళ్ల పిల్లకు ఊరు ఊరంతా మర్యాద సర్టిఫికెట్ ఇచ్చేసింది. అన్నం కూడా గోడ వైపు తిరిగి తింటోంది కదా అని నేనంటే, దాన్ని సిగ్గంటారని నాకు నేర్పారు.

ఇంకెన్ని లాభాలనుకున్నారు? రోజుకు ఇరవై సార్లు ముఖం కడుగుతుంది, ఎంత శుభ్రం! పెళ్లిళ్లకు రాదు, సంతకు రాదు, ఎంత అణకువ! గంటల తరబడి ఫోన్ వదలదు. కిరండూల్ గనుల్లో పనిచేసే మా ఆయన ఉపేంద్ర, చెల్లెలు పాఠాలు చూస్తోందని గర్వపడ్డాడు. ఆమె చూసేది తన ముక్కునే. ముందు నుంచి, పక్క నుంచి, కింద నుంచి. ముక్కును సన్నగా, తిన్నగా చేసి చూపే బటన్ ఒకటుంది ఆ ఫోన్‌లో. నొక్కి చూస్తుంది, తీసేసి చూస్తుంది, ఏడుస్తుంది. ఇంత ఏకాగ్రత కలెక్టర్ పరీక్షకు చదివేవాళ్లకైనా ఉంటుందా?

వైద్యానికి మాత్రం మా దగ్గర కొదవా? పూజలు చేసే వడ్డె కోడిని కోసి, గాలి సోకిందన్నాడు. సంచీ భుజాన వేసుకుని ఊళ్లు తిరిగే డాక్టర్ ముఖం తెల్లబడే క్రీము ఇచ్చాడు. వంకరగా ఉందని ఆమె ఏడ్చే ముక్కుకు తెల్లదనంతో ఏం పనో ఆ సంచీకే తెలియాలి. చర్మం కాలి మచ్చ పడింది. అంతవరకు లేని లోపం ఒకటి నిజంగానే దొరికింది! మా ఆయన ఫోన్ చేసి "మంచిగనే ఉన్నవు" అని పదిసార్లు చెబితే పదకొండోసారి అడుగుతుంది. నేను తెలివిగా అద్దం దాచాను. ఆమె స్టీలు పళ్లెంలో చూసుకుంది. అదీ దాచేస్తే అన్నం దేంట్లో తినాలి?

పోయిన నెల మా అమ్ము, రెండేళ్ల పిల్ల, మేనత్త దిండు కింద నుంచి ఏదో లాక్కొచ్చి నా ఒళ్లో పడేసింది. కొడవలికి పదును పెట్టే ఆకురాయి. నవీన తువ్వాలు జరిపించి, ముక్కు దూలం మీద గీరుకుపోయిన గుర్తులు అప్పుడు చూశాను.

మితానిన్‌ను పిలిచాను. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తను ఇక్కడ అలాగే అంటాం. ఆమె పేరు హుంగే. ఆమె ముక్కు వంక చూడనే లేదు. పక్కన కూర్చుని, "రోజుల ఎంతసేపు దీని ఆలోచనే వస్తది?" అని అడిగింది.

నవీన తువ్వాలు అంచు పైకి లాక్కుంది. "ఒక్క నిద్రల రాదు, దీదీ" అంది.

ఇది గాలి కాదు, సిగ్గు కాదు, ముక్కు జబ్బు అసలే కాదు, మనసుకొచ్చే జబ్బని హుంగే చెప్పింది. ఎవరికీ కనబడని లోపం కొండంతగా కనబడుతుందట. ముక్కు సరిచేయించినా పోదట, ఇంకోటి వెతుక్కుంటుందట. మాటలతో చేసే వైద్యముంది, నెలల తరబడి వాడే మాత్రలున్నాయి, చాలామంది తేరుకుంటారట. జగదల్‌పూర్‌లో మనసు డాక్టర్ ఉన్నాడు.

అత్త అడ్డం పడింది. "పిచ్చి డాక్టర్ కాడికి పోయిందంటే దీన్ని ఎవడు చేసుకుంటడు?"

నిజమే కదా! ముక్కు చెక్కుకున్న కోడలైతే ఎలాగోలా సర్దుకుంటారు. మాత్ర మింగే కోడలిని ఎవరు భరిస్తారు?

ఇంతకూ ఆ ముక్కు వంకరని మొదట కనిపెట్టిన నిపుణులెవరో చెప్పలేదు. నేనే. నిరుడు పెళ్లి సంబంధానికి ఫోటో తీస్తూ, కొంచెం అటు తిరుగు, ముక్కు వంకరగా పడుతోంది అన్నాను. అందరూ నవ్వారు. నవీన కూడా నవ్వింది. ఒక్క మాటతో ఈ జబ్బు రాదు, అలా అనుకోవద్దని హుంగే నాకు చెప్పింది. విన్నట్టు తలూపాను.

అత్తతో పోట్లాడి ఒకసారి నేనే తీసుకెళ్లాను. సోమవారం రెండోసారి పోవాలి. అమ్ముకు జ్వరం, నేను కదలలేను. మా ఆయనకు డ్యూటీ. హుంగే బీజాపూర్ దాకా తోడు వస్తుంది. అక్కడి నుంచి జగదల్‌పూర్ బస్సులో నవీన ఒక్కతే. ఆ బస్సులో మీరుంటే ఆమె పక్కన కూర్చోండి. ముఖం గురించి ఏమీ అనకండి, బాగున్నావని కూడా. తిన్నావా అని అడగండి, చాలు. దిగాక ఆసుపత్రి వైపే నడిచిందో లేదో చూసి నాకొక మాట చెప్పండి.