అనుకో, కాలు విరిగింది

ఆ శనివారం ఉదయానికి లిఫ్టుల తనిఖీ అధికారి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నర నుంచి ఎనిమిది దాకా కూతురితో ఆడుకోవడం. ఎనిమిదికి స్నానం. ఎనిమిదీ నలభైకి పాపను పక్కింట్లో దింపి, తొమ్మిదింటికల్లా ఆఫీసు. కాగితం మీద "ఆడుకోవడం" అన్న మాట పక్కన చిన్న చదరం కూడా గీసుకున్నాడు, పని పూర్తికాగానే టిక్కు పెట్టడానికి.

ఇది ఆయనకు తనంత తానుగా పుట్టిన బుద్ధి కాదు. ఒకటో తరగతి టీచరు పిలిపించి మరీ చెప్పింది. "పాపకు చదవడం వచ్చు, రాయడం వచ్చు, కూడికలు వచ్చు. ఆడటమే రావడం లేదండీ." మొన్న తరగతిలో కుర్చీలు వరసగా వేసి రైలాట ఆడించిందట. పిల్లలంతా కూతలు పెడుతుంటే ఈ పిల్ల ఒక్కతే లేచి, "ఇవి కుర్చీలు కదా, కదలవు కదా," అందట. మిగతా పిల్లలు ఒకసారి కిందికి చూసుకుని, ఒక్కొక్కరే దిగిపోయారట. "రైలు మళ్లీ బయల్దేరలేదండీ. ఈ వయసులో ఊహ పెరిగేది ఆటలోనే. రోజూ ఓ అరగంట మీరు ఆడించండి."

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. పిల్లకు అన్నీ తన పోలికలే. చిన్నప్పుడు తానొకసారి కర్రను గుర్రమనుకుని ఇల్లంతా దౌడు తీస్తే, తండ్రి ఆ కర్ర లాక్కుని, "ఇది కర్ర," అని చెప్పి పొయ్యిలో పెట్టాడు. ఆ తర్వాత ఆయన దేన్నీ మరొకటిగా అనుకోలేదు. పదహారేళ్లుగా చేస్తున్నది కూడా అనుకోవడానికి చోటులేని ఉద్యోగమే. తాడు చూడాలి, బ్రేకు చూడాలి, బాగుంటే పత్రం మీద సంతకం పెట్టి లిఫ్టులో అంటించాలి.

ఏడున్నరకు తండ్రీకూతుళ్లు నట్టింట్లో ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఏం ఆడదాం?" అన్నాడు ఆయన.

"నీకు ఆటలు వచ్చా నాన్నా?"

"రావు."

"నాకూ రావు."

ఇద్దరూ కాసేపు గోడ గడియారం వంక చూశారు. నాలుగు నిమిషాలు గడిచాక ఆయనకు ఒక దారి దొరికింది. భార్య నర్సు, పనిచేసేది ఎముకలు విరిగినవాళ్లకు కట్లు కట్టే గదిలో. ఆ ఉదయం ఆరింటికే డ్యూటీకి వెళ్లిపోయింది.

"నువ్వు డాక్టరువి. నా కాలు విరిగింది," అన్నాడు.

పాప వంగి కాలు పరీక్షగా చూసింది. "విరగలేదు."

"విరిగిందనుకో."

"అనుకుంటే ఏమవుతుంది?"

"ఆట అవుతుంది, తల్లీ."

పాప ఒప్పుకుంది గానీ, తువ్వాలు చుడితే సరిపోతుందంటే మాత్రం ఒప్పుకోలేదు. విరిగిన కాలికి పిండికట్టు వేయాలి. అమ్మ చెప్పగా వింది. కొత్త నర్సులకు నేర్పడానికి తెచ్చిన పిండికట్టు చుట్టలు అమ్మ అలమరలో ఉన్నాయి. పాప వెళ్లి తెచ్చింది, బకెట్లో ముంచింది, చుట్టడం మొదలుపెట్టింది. "నొప్పిగా ఉందా? ఓర్చుకోవాలి మరి," అని గొంతు మార్చి అంటుంటే ఆయనకు గుండె నిండిపోయింది. కళ్లు మూసుకుని, నేర్చుకుంటోంది, నా బిడ్డ నేర్చుకుంటోంది అనుకున్నాడు. కాలికి వెచ్చగా తగులుతుంటే అది కూడా ఆనందమే అనుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఎనిమిది దాటింది. మోకాలి కింది నుంచి పాదం దాకా కాలు స్తంభంలా బిగుసుకుపోయి ఉంది. కత్తెర పెట్టి చూశాడు, కత్తెర వంగింది. భార్యకు ఫోను చేశాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆమె ఫోను ఆసుపత్రి బీరువాలోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాకా దిక్కులేదు.

ఇక ఆసుపత్రికి తానే వెళ్లాలి. పాపను పక్కింట్లో దింపుదామని గోడ పట్టుకుని కుంటుతూ తలుపు తీస్తే, పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు ఎదురుగానే ఉన్నాడు.

"అయ్యో, ఏమైంది బాబూ?"

ఆడుకున్నాం అని చెప్పాలి. నలభై ఒక్కేళ్ల మనిషికి ఆ మాట గొంతు దాటి రాలేదు. "మెట్ల మీద జారానండీ," అన్నాడు.

"ఎప్పుడు పడ్డావు నాన్నా?" అంది పాప.

హెడ్మాస్టరు ఆ మాట పట్టించుకోలేదు. ఆయనను మరో సందేహం పట్టుకుంది. "లిఫ్టు ఉండగా మీరు మెట్లెందుకు దిగారు?"

జన్మలో అబద్ధమాడని మనిషి దగ్గర నిల్వ ఉన్నది ఒక్కటే. అది అప్పుడే ఖర్చయిపోయింది. హెడ్మాస్టరు ఆయన కాలి వంక చూశాడు, లిఫ్టు వంక చూశాడు, లోపల అంటించిన పత్రం మీద ఆయన సంతకం వంక చూశాడు. గొంతు తగ్గించి, "అర్థమైంది. మీ నోటితో మీరు చెప్పలేరు లెండి," అన్నాడు.

తొమ్మిదికల్లా వాచ్‌మన్ లిఫ్టు తలుపుకి అడ్డంగా బల్ల పెట్టాడు. తనిఖీ చేసినవాడే ఎక్కడం లేదట అన్న వార్త ఆరు అంతస్తులూ పాకింది. పాల కోసం కిందికి దిగిన ఆరో అంతస్తు బామ్మగారు పైకి ఎక్కలేక వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ సంగతి పూసగుచ్చినట్టు చెప్పసాగింది. రెండో అంతస్తు ఆవిడ ఎదురు వీధిలో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. అక్కడి లిఫ్టులోనూ అదే సంతకం. అక్కడా బల్ల పడింది. పదకొండుకి పంతొమ్మిది భవనాలు, పన్నెండుకి నలభై. ఎక్కడో ఒక పెళ్లికూతురు చెప్పులు చేత్తో పట్టుకుని తొమ్మిది అంతస్తులు దిగిందని కూడా కబురొచ్చింది.

ఆ కాలితో నాలుగు అంతస్తులు దిగలేక ఆసుపత్రి ప్రయాణం మానుకున్న ఆయన సోఫాలో కాలు చాపుకుని, వచ్చిన ఫోనుకల్లా "లిఫ్టులు భేషుగ్గా ఉన్నాయండీ," అంటూనే ఉన్నాడు. "మరి మీరు మెట్లెందుకు దిగారు?" అని అవతలివాళ్లు అంటూనే ఉన్నారు. పదహారేళ్ల సంతకం మూడు గంటల్లో గంగలో కలిసింది. బ్రేకులు నమ్మినవాణ్ని నన్నెవరూ నమ్మడం లేదే అని ఆయన గోడవైపు తిరిగిపోయాడు.

ఒంటిగంటకు పై అధికారి వచ్చాడు. భారీ మనిషి. లిఫ్టు బంద్ కాబట్టి నాలుగు అంతస్తులూ ఎక్కి వచ్చాడు. పొద్దున తన ఇంటి నుంచి ఏడు అంతస్తులు దిగి ఉన్నాడు; అక్కడి సంతకమూ ఇదే. కుర్చీలో కూలబడి, మంచినీళ్లు రెండు గ్లాసులు తాగి, కలం తీశాడు. వెనకే హెడ్మాస్టరు సాక్షిగా వచ్చి నిలబడ్డాడు.

"నిజం చెప్పండి. లేకపోతే మీరిచ్చిన పత్రాలన్నీ రద్దు చేసి, మిమ్మల్ని కూడా ఇంటికి పంపాల్సి వస్తుంది," అన్నాడు పై అధికారి.

నిజం చెప్పాడు. డాక్టరాట, బకెట్టు, కళ్లు మూసుకోవడం, ఏదీ దాచకుండా చెప్పాడు. పై అధికారి ముఖం చిన్నబోయింది.

"ఏమయ్యా, నాలుగంతస్తులు ఎక్కి వచ్చిన మనిషికి చెప్పే కథేనా ఇది?"

"మా పాపను అడగండి సార్. దానికి లేనిది చెప్పడం రాదు. వాళ్ల టీచరు బాధ కూడా అదే," అన్నాడు ఆయన. అంత నిరాశలోనూ ఆ సంగతి ఆయనకు కొండంత అండగా కనిపించింది.

పై అధికారి పాపను దగ్గరికి పిలిచాడు. "నాన్న మెట్ల మీద ఎందుకు దిగారమ్మా?"

"జరిగింది చెప్పాలా, అనుకుని చెప్పాలా?"

"నీకెలా వస్తే అలా చెప్పు తల్లీ."

పాప తండ్రి ముఖంలోకి చూసింది. పొద్దుట్నుంచీ ఆ ముఖంలో నెత్తురుచుక్క లేదు. కొంచెం ఆలోచించింది. "లిఫ్టులో ఏనుగు ఉంది," అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఈసారి ఆనందంతో కాదు.

"బూడిద రంగుది," అంది పాప, అలవాటు లేని దారిలో ఒక్కో అడుగూ వేస్తున్నట్టు. "చాలా బరువుది. లిఫ్టు నిండా నిలబడింది. నాన్నకు చోటు లేదు. ఏనుగుని దిగమంటే అది ఏడుస్తుందని నాన్న మెట్ల మీద వెళ్లారు."

తన బిడ్డకు మొదటిసారి ఊహ వచ్చింది, అది తన ఉద్యోగాన్ని మింగడానికే వచ్చింది అని ఆ తండ్రికి అర్థమైంది. చిత్రంగా, ఆ ఏనుగు బాగుందని కూడా అనిపించింది. దాంతో దుఃఖం ఇంకా ఎక్కువైంది.

అప్పుడు హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. చెమటలు పట్టి ఉన్నాడు. "అది... ఏనుగు కాదండీ. బీరువా. నాదే. బూడిద రంగుదే. బరువులు ఎక్కించకూడదని రాసి ఉన్నా, తెల్లవారి ఎవరూ లేవకముందే లిఫ్టులో ఎక్కించాను. పాప చూసిందని నాకు తెలియదు."

పై అధికారి కలం ఆగింది. తర్వాత చకచకా నడిచింది. బరువుకి మించిన సామాను ఉన్న లిఫ్టు ఎక్కకుండా నిబంధన పాటించి, మెట్లు దిగుతూ కాలు విరగ్గొట్టుకున్న అధికారి. తోటివాడి పరువు కాపాడటానికి ఆటలో తగిలిందని చెప్పుకున్న అధికారి. "మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ శాఖ ఇంకా నిలబడింది," అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, ఆరు వారాల సెలవు అక్కడికక్కడే రాసిచ్చి, లిఫ్టులో కిందికి దిగిపోయాడు.

రెండున్నరకు భార్య వచ్చింది. జరిగిందంతా విని, కట్టు మీద వేలితో తట్టి చూసింది. "మడమ దగ్గర కాస్త బిగువెక్కువైంది. మిగతాదంతా చక్కగా కట్టింది," అంది.

"ముందు కోసెయ్యి."

"కోస్తాను. కానీ రెండు ముక్కలుగా కోస్తాను. ఎవరైనా చూడ్డానికి వస్తే మళ్లీ తొడుక్కోవాలి కదండీ, ఆరు వారాలూ."

పాప పక్కనే నిలబడి అంతా వింది. "ఆరు వారాలూ నాన్న ఇంట్లోనే ఉంటాడా?" అని అడిగింది. ఉంటాడని తల్లి చెప్పింది.

ఆ సాయంత్రంలోగా ఆయన వరసగా గుర్రం, రైలు, వంతెన, నీళ్లతొట్టి అయ్యాడు. నీళ్లతొట్టిగా మాత్రం పరవాలేదని పాప ఒప్పుకుంది.