ఏడో రైఫిలూ, హాల్లో కర్టెనూ

ఆ ఉదయం రికార్డుల గుమాస్తా ఆఫీసుకు సెలవు పెట్టాడు. పంతులమ్మ అయిన భార్య తొమ్మిదిన్నరకు స్కూలుకు వెళ్తుంది. పదింటికి పార్సెల్ వస్తుంది. పదకొండుకల్లా అది బీరువా వెనక చేరిపోతుంది. పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పార్సెల్ మాత్రం ఎనిమిదింటికే వచ్చింది.

బీరువా వెనక అప్పటికే ఆరున్నాయి. కాగితం మీది గురిని కొట్టడానికి అరవై ఏళ్ల కిందట చేసిన జర్మన్ ఎయిర్ రైఫిళ్లు. ఏడోది గడప లోపలికొస్తే తాను గడప దాటుతానని భార్య ఏనాడో తేల్చి చెప్పింది. కానీ ఈ ఏడోదానితో దాని అసలు సైటు కూడా వస్తోంది: కంటికి ఆనించి గురి చూసే గుండ్రటి ఇనప బిళ్ల, నడుమ సూదిమొనంత కన్నం. దానికోసం అతను రెండేళ్లు ఉత్తరాలు రాశాడు.

తలుపు తీసింది భార్యే.

"ఏంటండీ, ఇంత పొడుగుంది?"

"కర్టెన్ రాడ్డు," అన్నాడు నోటికొచ్చింది.

"మరి ఈ చిన్న డబ్బా?"

"రాడ్డు చివర పెట్టే... బుడిపె."

ఆవిడ మొహం చేటంతయింది. "మూడేళ్లుగా మొత్తుకుంటుంటే ఇవాళ్టికి దయ కలిగిందా! నేనూ సెలవు పెట్టేస్తా. వడ్రంగిని పిలుస్తానుండండి."

గుమాస్తా పొడుగు పార్సెల్‌ను మంచం కిందికి తోసి, పెరటి తలుపులోంచి సామాన్ల కొట్టుకు పరుగు తీశాడు. అసలైన రాడ్డొకటి కొని ఒగరుస్తూ వచ్చేసరికి వడ్రంగి స్టూలెక్కి ఉన్నాడు. ఒక చేతిలో సైటు, ఇంకో చేతిలో డ్రిల్లు.

"బుడిపె భలే ఉంది సార్. కన్నమే మరీ పిసినారిగా పెట్టాడు. బొటనవేలు దూరేంత చేస్తే రాడ్డు దిట్టంగా కూర్చుంటుంది."

"ఇంకెందుకు ఆలస్యం, కానీ తమ్ముడూ," అంది ఆవిడ.

డ్రిల్లు బర్రుమంది.

"ఆగు! ఆ కన్నం జోలికెళ్లకు!" గుమాస్తా చేతిలోని రాడ్డు గచ్చు మీద పడి మోగింది. "అది బుడిపె కాదు, సైటు! ఏడోది మంచం కిందుంది! కావాలంటే రైఫిల్ వెనక్కి పంపేస్తా, ఆ కన్నాన్ని మాత్రం ఏమీ చెయ్యకు నాయనా!"

వడ్రంగి డ్రిల్లు ముందుకు చాపి చూపించాడు. దానికసలు కన్నం పొడిచే బిట్టే బిగించలేదు.

"రైఫిల్ అమ్మినాయన మొన్ననే ఫోన్ చేశాడు," అంది ఆవిడ తాపీగా. "సైటు విడిగా డబ్బాలో పెట్టానమ్మా, జాగ్రత్త అని. మీరెప్పుడు చెప్తారా అని చూశా. కర్టెన్ రాడ్డన్నారు. సరే, అదే కానిద్దామనుకున్నా."

"మరి గడప దాటతానన్నావుగా?"

"కొత్త కర్టెన్ ఉన్న ఇల్లొదిలి ఎక్కడికి పోతానండీ?"

మధ్యాహ్నానికి కర్టెన్ వేలాడింది. దాని పక్కనే కుర్చీ వేసుకుని గుమాస్తా రైఫిల్‌కు సైటు బిగించాడు. ఆ కన్నంలోంచి హాలు గోడ మీది గడియారం ముల్లు కూడా వెంట్రుకలా సన్నగా, స్పష్టంగా కనిపిస్తుంటే, లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"ఎనిమిదోది వచ్చేటప్పుడు కాస్త ముందుగా చెప్పండి," అంది ఆవిడ టీ గ్లాసు అందిస్తూ.

వడ్రంగి అప్పటికే వంటింటి కిటికీకి కొలతలు తీస్తున్నాడు.