స్వీటీ క్యాంపుకొచ్చింది, సద్దు చేయకండి!

కుక్కను క్యాంపింగుకు తీసుకుపోవడం నేర్చుకోని దేశం బాగుపడదు! మీరు నవ్వినా సరే, ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

మనకు కుక్కను పెంచడం ఏం తెలుసు? మిగిలిన ముద్ద వేస్తాం. అది వాకిట్లో పడుకుంటుంది. కొత్తవాళ్లు వస్తే మొరుగుతుంది. ఇదీ ఒక బతుకేనా? దానికి సెలవు వద్దా? గాలి మార్పు వద్దా? ఆదివారం పూట చెట్టు కింద డేరాలో కాళ్లు చాపుకోవాలని దానికి మాత్రం ఉండదా?

వేప్పనపల్లి పక్కన మామిడి తోట ఉన్న ముత్యాలప్పకు ఈ జ్ఞానం మొన్న మే నెలలో కలిగింది. అంతకుముందు ఆయనా మనలాంటివాడే.

ఆయన కొడుకు కార్తిక్ హోసూరులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద మిషను నడుపుతాడు. అయిదేళ్లుగా నడుపుతున్నాడు. ఏడాదిలో కొన్నాళ్లు అతన్ని ఇంటికి పంపించి, మళ్లీ కొత్తవాడిలాగా చేర్చుకుంటారు. దానికి బ్రేక్ అని పేరు. తెగకుండా పని చేస్తే ఎక్కడ పర్మనెంట్ చేయమంటాడోనని కంపెనీవారి ముందుచూపు! పర్మనెంట్ అయితేనే పిల్లనిస్తామని రాయకోట సంబంధంవాళ్లు తేల్చి చెప్పారు. వాళ్లూ ఎన్నాళ్లు ఆగుతారు?

పర్మనెంట్ చేయవలసినవాళ్ల పేర్లు పైకి పంపేది పర్సనెల్ మేనేజరు తిలక్ గారు. ఆయన ఒకరోజు కార్తిక్‌ను పిలిచి, "మీకు మామిడి తోట ఉందట కదా, మా మేడమ్ క్యాంపింగ్ క్యాంపింగ్ అంటూంది" అన్నారు. ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే తోట ఊడ్చారు.

శనివారం కారు వచ్చింది. ముందు సీట్లో తిలక్ గారు, ఆయన పక్కన శ్రీమతి రశ్మి గారు. వెనక సీటు మొత్తం స్వీటీది. తెల్లటి పొమేరియన్. దూది ఏకి కళ్లు పెట్టినట్టుంది.

డేరాలు రెండు దిగాయి. పెద్దది మనుషులకు, చిన్నది స్వీటీకి.

"ఏమిరా కార్తికూ, దీనికి వేరే కాపురమా?" అంది నంజమ్మ, కొడుకుతో.

"మెల్లగా మాట్లాడమ్మా! దానికి సద్దంటే బయం."

రశ్మి గారు నంజమ్మను కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పారు. మధ్యాహ్నం స్వీటీని బండ మీద నడిపించకూడదు, అరికాళ్లు కాలతాయి. అద్దాలు మూసిన కారులో వదలకూడదు, ఉడికిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి. మామిడి టెంక నోటికి అందకూడదు, గొంతులో ఇరుక్కుంటుంది. ఊరి కుక్కల నీడ కూడా పడకూడదు.

ఇందులో ఒక్కటైనా తప్పు మాట ఉందా? లేదు! ముత్యాలప్ప తన అరికాళ్లు చూసుకున్నాడు. పుట్టిన నాటి నుంచి ఆ బండ మీదే నడుస్తున్నాడు. కాలతాయని ఇప్పుడు తెలిసింది.

ఇక తోట ఎంత ప్రశాంతంగా మారిందో చూడండి. ముత్యాలప్ప కుక్క కరియను తీసుకుపోయి దూరంగా మోటారు కొట్టం దగ్గర కట్టేశారు. కాయలు పక్వానికొచ్చిన రోజులు, కోతుల దండు దిగే రోజులు. మామూలుగా అయితే కరియ మొరుగుతుంది, ముత్యాలప్ప రేకు డబ్బా వాయిస్తాడు, నాలుగు బూతులు కూడా కలుపుతాడు. ఇప్పుడు కరియ లేదు, డబ్బా లేదు, బూతులు అసలే లేవు. తోతాపురి చెట్టు కింద నిలబడి, తలెత్తి, చేతులు జోడించి గొణిగాడు.

"పోండప్పా, పోండి. పెద్దోళ్లొచ్చినారు."

కోతులు మర్యాదగా విన్నాయి. మర్యాదగా తిన్నాయి.

పక్క తోట లక్ష్మణప్ప కంచె మీదుగా తొంగి చూశాడు. "ఏమన్నా ముత్యాలన్నా, కోతులకు కత చెప్తా ఉండావా?"

"ష్! స్వీటమ్మ పండుకోనుంది."

కోతి మీద కూడా గొంతు పెంచని రైతును మీరెక్కడైనా చూశారా? ఎన్ని సాధుసంఘాలు కలిస్తే ఈ మార్పు వచ్చేది? ఒక్క పొమేరియన్ తెచ్చింది!

ఎండెక్కేసరికి చిన్న డేరా వేడెక్కింది. ఇంట్లో ఫ్యాను ఉందా అని రశ్మి గారు అడిగారు. నంజమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ గడప కుక్క దాటలేదు. ఆ రోజు దాటింది. దాటి, ముత్యాలప్ప మంచం ఎక్కి, టేబుల్ ఫ్యానుకు ఎదురుగా పడుకుంది. కాసేపటికి కరెంటు పోయింది. నంజమ్మ విసనకర్ర తీసుకుని కూర్చుంది.

"నాకెప్పుడన్నా అట్ల విసిరినావా?" అన్నాడు ముత్యాలప్ప, గోడకానుకుని.

"నువ్వేమన్నా పర్మనెంట్ చేయిస్తావా?" అంది నంజమ్మ, విసరడం ఆపకుండా.

ఆదివారం దంపతులిద్దరూ రాయకోట కొండ చూడబోయారు. అక్కడంతా బండలే కాబట్టి స్వీటీని నంజమ్మకు అప్పగించారు. నంజమ్మ కన్నార్పకుండా చూసుకుంది. అయితే పాలు కాచబోయి వచ్చేలోపల స్వీటీ ఆవుల కొట్టంలో దూరి, పేడ వాసన చూసి, చెవుల నిండా పశువుల నెత్తురు తాగే పిడుదులు ఎక్కించుకుని వచ్చింది.

మేనేజరు గారి కుక్కకు మా ఇంటి పిడుదులా! నంజమ్మ పరుగున పోయి వేపరెబ్బ విరిచింది. ఇంట్లో దూడకు పిడుదులు పడితే ఏం చేస్తుందో అదే చేసింది. పసుపు, వేపాకు కలిపి మెత్తగా నూరి, చెవుల నుంచి తోక దాకా దిట్టంగా పట్టించి ఎండలో ఆరబెట్టింది. ఆరిన ముద్ద దులిపేస్తే పిడుదులు రాలాయి, రంగు మిగిలింది. అంత ముద్దొచ్చే దానికి దిష్టి తగలకూడదని నుదుట కాటుక చుక్క కూడా పెట్టింది.

మధ్యాహ్నం దాటాక కారు ఆగింది. పెళ్లికూతురిలా పచ్చగా ఉన్న జీవం ఒకటి తోక ఊపుతూ ఎదురెళ్లింది.

"జాండీస్!" అని రశ్మి గారు కేక పెట్టారు. "తిలక్! స్వీటీకి జాండీస్ వచ్చేసింది! హోసూరు డాక్టరు దగ్గరికి పదండి!"

స్వీటీ తెలుపు ఎక్కడికి పోయిందా అని వెతకనక్కరలేదు. అది కార్తిక్ ముఖానికి వచ్చింది. నంజమ్మ తలుపు వెనక్కి పోయింది. తిలక్ గారు మళ్లీ తాళం తిప్పారు.

ముత్యాలప్ప కారుకు అడ్డం నిలబడ్డాడు. "జబ్బు కాదు సార్, పసుపు. పిడుదులు పడితే మా ఆడది పూసింది. తిట్టేదుంటే నన్ను తిట్టండి. పిల్లోన్ని ఏమీ అనొద్దండి."

తిలక్ గారు దిగి, స్వీటీ వీపు మీద వేలు రుద్ది, వాసన చూసి, పగలబడి నవ్వారు. రశ్మి గారు రెండు చెవులూ తిప్పి చూశారు. శుభ్రంగా ఉన్నాయి. తలుపు వెనక నుంచి నంజమ్మను బయటికి లాగి చేతులు పట్టుకున్నారు. "సారీ అమ్మా, భయపడిపోయాను. మాకన్నా బాగా చూసుకున్నారు. ఏం కావాలో అడగండి."

నంజమ్మ మొగుడి వైపు చూసింది. రెండు రోజులుగా కోతులతో తప్ప ఎవరితోనూ సరిగా మాట్లాడని ముత్యాలప్ప గొంతు సవరించుకున్నాడు.

"మావాన్ని పర్మనెంట్ చేయించండి సార్. అయిదేండ్లాయ."

తిలక్ గారి నవ్వు నెమ్మదిగా సర్దుకుంది. "అది అంత ఈజీ కాదు ముత్యాలప్పగారూ. మనిషిని ఒకసారి తీసుకున్నామంటే లైఫ్ లాంగ్ బాధ్యత. బాగా చూసి, ఆలోచించి తీసుకోవాలి."

న్యాయమే కదా! అయిదేళ్లలో ఒక మనిషిని ఏం చూస్తాం? ముత్యాలప్ప కూడా ఒప్పుకున్నట్టే తల ఊపాడు. వంగి స్వీటీ తల నిమిరాడు.

"అట్లనా సార్. మరి దీన్ని ఎన్నేండ్లు చూసి పర్మనెంట్ చేసినారు?"

కార్తిక్ తండ్రి చొక్కా పట్టి లాగాడు. తిలక్ గారు స్టీరింగు ముందు కూర్చున్నారు.

జవాబు రశ్మి గారే చెప్పారు, నవ్వుతూ, మనసారా. "భలేవారండీ! తెచ్చిన రోజే మా ఇంటి పిల్ల అయిపోయింది. మళ్లీ బయటికి పంపడానికి ఎవరికైనా మనసొప్పుతుందా?"

ఆమె స్వీటీని ఎత్తుకుని కారెక్కారు. తిలక్ గారు ముత్యాలప్ప వైపున్న అద్దం పైకెత్తేశారు.

మీరు ఇంకోలా అనుకోకండి. ఎండ స్వీటీకి పడదు.