ఇంజనుకు తుప్పు కావలెను

ఆ రోజు ఉదయం ఆకాశం నిండా మబ్బు పట్టింది. బట్టలు ఆరేసుకోవలసినవాళ్ళంతా మొహాలు చిట్లించుకుంటే, ఆ వీధివాళ్ళు కంప్యూటరాయన అని పిలిచే ఆయన ఒక్కడే గంతేసినంత పని చేశాడు. ఎండ ఉంటే నీడలు పడతాయి. నీడ పడిన ఫొటో ఆయన ఇంజనుకు పనికిరాదు.

ఇంజనంటే నిజం ఇంజను కాదు. కంప్యూటర్లో రైలు నడిపే ఆట కోసం ఆయన కడుతున్న డీజిల్ ఇంజను. ఏళ్ళ తరబడి ఆఫీసు నుంచి రాగానే దాని ముందు కూర్చుని ఒక్కొక్క బోల్టూ బిగించాడు. డ్రైవరు సీటు కుట్లు, బ్రేకు పిడి వంపు, మీటరు ముల్లు వణుకు, అన్నీ అచ్చం అలాగే. చూసినవాళ్ళకు నోట మాట రాదు. దానికి మూలమైన నిజం ఇంజను, రైలు డ్రైవరుగా పనిచేసిన ఆయన మామగారిది. ఉద్యోగమంతా ఆయన నడిపిన ఆ ఇంజనును చివరికి తుక్కు కింద కోసేశారు. అప్పటి నుంచి ఆయన రైలు మాటెత్తడం మానేశారు గానీ, అల్లుడి పనిని బొమ్మలాట అనడం మాత్రం మానలేదు. సాయంత్రం ఆయన వస్తున్నారు. పోయిన ఇంజనును మళ్ళీ కళ్ళకు కట్టి, ఆ నోట ఒక్క మంచి మాట అనిపించుకోవాలని అల్లుడి ఆశ.

ఇక మిగిలింది తుప్పే. గీసిన ఆకారానికి ఫొటోను చర్మంలా తొడుగుతారు, దాన్ని టెక్స్చర్ అంటారు. తుప్పు ఫొటోలు నెట్‌లో కావలసినన్ని దొరుకుతాయి. కానీ అరువు తుప్పు వాడినవాడు ఈ పని తెలిసినవాళ్ళ మధ్య తలెత్తుకు తిరగలేడు.

కెమెరా, స్కేలు పట్టుకుని వెళ్ళి ఎదురింటి మాస్టారి గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆహా, ఏం తుప్పు! అంచుల్లో ఎరుపు, మధ్యలో నలుపు, పెచ్చులూడిన చోట పాత ఆకుపచ్చ. ఆయనకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఏంటి బాబూ, పొద్దున్నే మా గేటు కొలుస్తున్నారు?" అన్నారు మాస్టారు.

"తుప్పు చూస్తున్నానండీ. వీధంతా చూడాలి. సాయంత్రం పెద్దాయన వస్తున్నారు, ఆయనకి చూపించాలి."

మాస్టారి మొహం పాలిపోయింది. సరిగ్గా అప్పుడే కెమెరా బ్యాటరీ అయిపోయింది. ఇప్పుడే వస్తానని మాస్టారికి కాక గేటుకు చెప్పినట్టు చెప్పి ఆయన ఇంటికి పరుగెత్తాడు.

కంప్యూటరాయన ఏం పని చేస్తాడో వీధిలో ఎవరికీ తెలియదు. కాబట్టి ఏమైనా చేయగలడని అందరికీ గట్టి నమ్మకం. బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కేలోపు కబురు వీధి చివరిదాకా పాకింది. పెద్దాఫీసరు వస్తున్నాడట, తుప్పు కనబడిన ఇంటికి జరిమానాయట! ఆయన తిరిగొచ్చేసరికి మాస్టారు గేటును గరుకు కాగితంతో బరబరా రుద్దేసి, సగం దాకా ఆకుపచ్చ రంగు పూసేశారు.

"అయ్యో మాస్టారూ, ఎంత పని చేశారండీ!"

"ఆలస్యమైంది, ఒప్పుకుంటున్నా బాబూ. పెద్దాయనకి మాత్రం చెప్పకండి."

మూల మీది దర్జీ కొట్టు షట్టరుకు దర్జీ, ఆయన భార్య చెరోవైపు రంగు వేస్తున్నారు. "మాది ఎప్పుడూ ఇలాగే మెరుస్తుంది సార్," అన్నాడు దర్జీ, ముక్కు మీద రంగుతో. కంప్యూటరాయన ఎటు పరుగెడితే అటు జనం హడలిపోయి ఇంకా గట్టిగా రుద్దారు. మధ్యాహ్నానికి వీధి వీధంతా అద్దంలా తయారైంది. ఎవరెంత మొత్తుకున్నా కదలని వీధి ఒక్క కెమెరాకు ఇలా లేచి కూర్చోవడం చూస్తే ఎంతటివాడైనా ముక్కున వేలేసుకోవలసిందే.

చివరి ఆశ సొంత గేటు. అక్కడ ఆయన భార్య కుంచె కడుగుతోంది.

"నువ్వు కూడానా!"

"వీధంతా మెరుస్తుంటే మన గేటొక్కటే తుప్పుతో ఉంటే నాన్న ముందు పరువు పోదుటండీ? మాస్టారి దగ్గర మిగిలిన రంగు అడిగి తెచ్చా. అయినా మీక్కావలసిన తుప్పు వీధిలో బోలెడుందిగా!"

ఆయన అక్కడే గట్టు మీద చతికిలబడ్డాడు.

సాయంత్రం మామగారు వచ్చారు. తడి గేటు తోసుకుని రావడంతో ఆయన అరచెయ్యంతా ఆకుపచ్చగా అయింది. ఎవరూ గమనించలేదు. అల్లుడు తలదించుకునే తెర వెలిగించాడు.

"తుప్పు దొరకలేదు మామయ్యగారూ. మీ ఇంజను ఇలా ఉండదని నాకు తెలుసు."

తెర మీద ఆకుపచ్చ ఇంజను ఒక్క మచ్చ లేకుండా నిలబడి ఉంది. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. సీటు చూశారు, బ్రేకు పిడి చూశారు, వణుకుతున్న ముల్లు చూశారు. ఆయన పెదవులూ అలాగే వణికాయి.

"నా చేతికి ఇచ్చిన రోజు ఇలాగే ఉంది," అన్నారు. "తుప్పు పట్టి ఉండగా చివరిసారి చూశాను, కొయ్యడానికి లాక్కెళ్తుంటే. కళ్ళు మూసుకుంటే అదే కనబడేది బాబూ. ఎలా కట్టావయ్యా దీన్ని?"

బండి కదిలించే ముందు ఇంజనును రెండుసార్లు తట్టడం మామగారికి పాత అలవాటు. ఆ అలవాటు కొద్దీ తెరను ప్రేమగా తట్టారు. ఇంజను తలుపు పక్కన ఆకుపచ్చ అరచెయ్యి అచ్చు పడింది.

"అయ్యో నాన్నా!" అంటూ కూతురు గుడ్డ తెచ్చింది.

"తుడవకు, ఉండనీ," అంటూ అల్లుడు కెమెరా అందుకున్నాడు. రోజంతా తిరిగితే ఆయనకు దొరికిన టెక్స్చర్ అదొక్కటే. ఆ అరచెయ్యి ఇప్పటికీ ఆ ఇంజను తలుపు పక్కనే ఉంది.

మర్నాడు పొద్దున్నే పక్కవీధి పెద్దలు వచ్చి, తమ వీధిలో కూడా ఒకసారి స్కేలు పట్టుకుని తిరగమని కంప్యూటరాయనను బతిమాలారు.