మొహమాటం లేని అవ్వలు

డిజైన్ వృత్తికి పట్టిన అసలు పీడ మనుషులు! ఆ పీడ వదిలించినందుకు, మా డిజైన్ టూల్‌లోకి కొత్తగా దిగబడిన ఏఐకి నేను పాదాభివందనం చేస్తున్నాను. దానికి పాదాలు లేకపోవడం నా తప్పు కాదు.

నా పాత కష్టాలు మీకేం తెలుసు? జావా దీవిలోని యోగ్యకర్తా ఊళ్లో యాప్‌లకు స్క్రీన్లు గీసి బతికే చిన్న కంపెనీ మాది. ఇదివరకు ఒక్క స్క్రీన్ గీయాలన్నా, ముందు దాన్ని వాడబోయే వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చోవాలి. వెళ్లగానే పని సంగతి మాట్లాడనిస్తారా? పాకం లాంటి టీ ఇస్తారు. సోయాగింజల టెంపే వేపుడు పెడతారు. మీ ఆయన ఏం చేస్తాడు, ఇంకో పిల్లాడిని ఎందుకు కనలేదు అని ఆరా తీస్తారు. మనక్కావలసిన అసలు ముక్క ఎప్పుడు చెబుతారో తెలుసా? మనం విసిగిపోయి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నప్పుడు. ఇదీ ఒక ఉద్యోగమేనా అండీ?

ఇప్పుడు చూడండి నా వైభవం! "పెద్దవాళ్లకు ఆస్పత్రి యాప్" అని ఒక్క వాక్యం కొడితే చాలు, నేను కాఫీ కలుపుకుని వచ్చేలోగా రంగురంగుల స్క్రీన్లు వరసకట్టి నిలబడతాయి. బటన్లకు పేర్లు అదే పెడుతుంది. వంకరపోయిన గడులను అదే సర్దుతుంది. నేను తుమ్మితే ఆ తుమ్మును కూడా ఐకాన్ చేసేస్తుందేమోనని రుమాలు అడ్డం పెట్టుకుంటున్నాను.

అన్నిటినీ మించిన వరం కల్పిత యూజర్లు. "డెబ్భై ఏళ్లు దాటిన జావా అవ్వలు కావాలి" అని అడగండి. వందమంది అవ్వలను అప్పటికప్పుడు పుట్టిస్తుంది! వీళ్లు టీ ఇవ్వరు, మన కాపురం గురించి అడగరు. ఏం కావాలమ్మా అంటే, "నాకు మోకాళ్ల నొప్పులు, బండి కావాలి, తొమ్మిదింటికల్లా పంపండి" అని ఠకీమని చెప్పేస్తారు. పుట్టిందీ పెరిగిందీ జావాలోనే అయినా, ఇంత చక్కగా నోరు విప్పే అవ్వను నేను ఈ జన్మలో చూడలేదు. ఏఐ రాబట్టి కదా చూశాను!

ఈ అవ్వల మహిమ మొన్నటి కంటి ఆస్పత్రి పనిలో మరీ బాగా తెలిసొచ్చింది. ఊరి చివరి ఆస్పత్రి అది. శుక్లాలు తీసే పెద్ద డాక్టరు సెమరాంగ్ నగరం నుంచి నెలకొక్కసారే వస్తాడు. ముసలివాళ్లు ఎలా రావాలో తెలియక మానేస్తున్నారని ఆస్పత్రివాళ్లు బండి ఏర్పాటు చేశారు. డాక్టరు వచ్చే రోజు పొద్దున్నే యాప్ గట్టిగా మాట్లాడి, "బండి పంపమంటారా?" అని అడగాలి. కింద రెండు పెద్ద బటన్లు. మా బాస్ విర్యావన్ గారి తల్లి సుమిరా గారి పేరు కూడా ఆ విడతలోనే ఉంది. ఆవిడకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి, ఇక ఆగడానికి వీల్లేదని డాక్టరు చెప్పాడు.

నేను తెలివితక్కువగా ఆ ప్రశ్నను మూడుసార్లు అడిగేలా గీశాను. ఎందుకంటే మా వాళ్లకు మొహమాటం జాస్తి. ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి, "ఎందుకండీ మీకు శ్రమ" అంటారు. మూడోసారి, "సరే, మీరు ఇంతగా అంటున్నారు కాబట్టి" అని చెయ్యి చాస్తారు. నాలుక పిడచకట్టుకుపోతున్నా సరే, మొదటి గ్లాసు మంచినీళ్లకు తల అడ్డంగానే ఊపుతారు. అందుకని నా యాప్ కూడా మొదటిసారి వద్దంటే, "మా డ్రైవరు ఎలాగూ అటే వస్తున్నాడండీ" అనేది. అప్పటికీ వద్దంటే, "బండి ఖాళీగానే ఉంది, కాస్త ఎక్కండి" అని బతిమాలేది.

ఈ మోటుదనాన్ని ఏఐ ఇట్టే పట్టేసింది. ఒకే ప్రశ్న మూడుసార్లు వచ్చిందనీ, వాడేవాళ్లకు విసుగనీ, రెండు తీసేస్తాననీ ఎర్రగా గీత గీసి చూపించింది. నేను ఏదో నసిగాను. విర్యావన్ గారు నా మాట కొట్టిపారెయ్యలేదు, పాపం. వెంటనే వందమంది అవ్వలనూ పిలిచి అడిగారు. వందమందీ ఒక్కసారి చాలన్నారు.

"చూశారా రెత్నో గారూ, మనిషి వద్దంటే వద్దనే. పెద్దవాళ్లను సతాయించకూడదండీ" అంటూ ఆయన బటన్ నొక్కేశారు. నా మూడేళ్ల పిల్లాడి జుట్టు తీసినప్పుడు కూడా నాకంత బాధ కలగలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికల్లా రిపోర్టు చూస్తే, బండి కావాలన్నవాళ్లు ఒక్కరూ లేరు! ప్రజలకు బండి అవసరమే లేదని తేలింది కాబట్టి ఆ మిగిలిన ఒక్క ప్రశ్న కూడా తీసేస్తే స్క్రీన్ ఇంకా అందంగా ఉంటుందని ఏఐ సలహా ఇచ్చింది. ఎంత దూరదృష్టి! ఒక్కరినీ సతాయించకుండా పని తేలిపోయిందని విర్యావన్ గారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆఫీసంతటికీ అన్నం డబ్బాలు తెప్పించి, ఒకటి వాళ్లమ్మకు ఇచ్చి వద్దామని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆవిడ రెండు వీధుల అవతల, టీచరుగా పనిచేసే కూతురి దగ్గర ఉంటారు. చెల్లెలు సెలవుపెట్టి పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్లి తెచ్చేసి ఉంటుందని ఆయన ధీమా.

సుమిరా గారు వరండాలో కూర్చుని ఉన్నారు. పండగలకు తొడిగే కెబాయా రవిక వేసుకుని, జుట్టు ముడి వేసుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, చెప్పులతో సహా సిద్ధంగా ఉన్నారు.

"అదేంటమ్మా, బండి వద్దన్నావట కదా?" అన్నారు బాస్.

"అన్నాను. ఇంకా అడుగుతుందిలే అనుకున్నాను నాయనా. మళ్లీ అడగలేదు. ఏ పనిలో ఉందో ఏమో."

"మరి నాకైనా చెప్పకూడదా?"

"మీ చెల్లి సెలవు పెట్టనా అంటే వద్దన్నాను, బడికి వెళ్లిపోయింది. పొద్దున నువ్వు ఫోన్ చేసి, ఏం అవసరం లేదు కదా అన్నావు. లేదన్నాను. పెట్టేశావు."

మా బాస్ మొహం చూడాల్సింది. పద, ఇప్పుడు నేను తీసుకెళ్తానన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, "ఎందుకులే, నీకు ఆఫీసు ఉంటుంది" అన్నారు. ఈ మహానుభావుడు సరే అంటూ అన్నం డబ్బా మూత తియ్యబోయారు! నేను ఆయన కాలు గట్టిగా తొక్కి, నేనే ఆవిడను ఇంకోసారి అడిగాను. శ్రమ ఎందుకన్నారు. మళ్లీ అడిగాను. నా మాట పూర్తయ్యేలోపే లేచి నిలబడ్డారు.

ఆస్పత్రికి వెళ్లేసరికి డాక్టరు కారు గేటు దాటిపోయింది. వచ్చే నెల రమ్మంది నర్సు. సుమిరా గారు నవ్వుతూ, "ఏం పర్లేదమ్మా, నాకు బాగానే కనిపిస్తోంది" అన్నారు. నర్సు ఆవిడకు ఎడమ పక్కన ఉంది. ఆవిడ ఆ మాట చెప్పింది కుడి పక్కనున్న సెలైన్ స్టాండుకు. తిరిగి వచ్చేటప్పుడు విర్యావన్ గారు తల్లి చెయ్యి వదల్లేదు. నాకు మాత్రం ఆ రెండు ప్రశ్నలూ మళ్లీ పెట్టెయ్యమని చెప్పారు.

ఆఫీసుకు వచ్చి టూల్ తెరిచాను. నా స్క్రీన్ కనబడక ముందే ఒక చీటీ పైకి లేచింది: "కొత్త ఏఐ ఫీచర్ వాడి చూస్తారా?" వద్దని నొక్కాను. "ఒక్క నిమిషం పట్టదు, చూడండి" అంది. వద్దన్నాను. "మీ తోటి డిజైనర్లంతా వాడుతున్నారు" అంది. ఇది రాస్తున్నప్పుడు కూడా తెర మూలన ఎగిరెగిరి పిలుస్తూనే ఉంది.

కాబట్టి పాఠక మహాశయులారా, యంత్రానికి మా మర్యాదలు తెలియవని ఎవరైనా అంటే నేనొప్పుకోను. బ్రహ్మాండంగా తెలుసు. తన సరుకు అంటగట్టాలంటే వద్దన్నకొద్దీ అడుగుతుంది. చూపు ఆనని ముసలమ్మను బండెక్కించాలంటేనే, ఆవిడ వద్దన్న మాటకు ఎక్కడలేని గౌరవం ఇస్తుంది.