పచ్చని పులి

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ సభలు ఉండేవి, నీళ్ళ రేవుకు మాత్రం కాపలా ఉండేది కాదు. ఆ రేవులోనే కురంగమ్మ అనే లేడి పోయిన వారం తన సొంత అక్కను పులి నోట పోగొట్టుకుంది. ఇప్పుడు చంటిపిల్లను నీళ్ళకు తీసుకెళ్ళాలంటే పులి భయం. తీసుకెళ్ళకపోతే పిల్ల గొంతెండి చస్తుంది. ఏడుపు దిగమింగుకుని అడవి సభకు వెళ్ళింది.

సభాధ్యక్షుడు ఊసరవెల్లి. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ రంగులోకి మారిపోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"అయ్యా, పులి పొదలో కూర్చుంటే మాకు కనపడదు. మా కళ్ళకు పొదా పచ్చగానే ఉంటుంది, పులీ పచ్చగానే ఉంటుంది. చెట్టు మీది కోతులకు మాత్రం బాగా కనిపిస్తుందట. అది వస్తే ఒక్క కేక వెయ్యమనండి, చాలు," అంది కురంగమ్మ.

కళ్ళ వైద్యుడు డాక్టర్ కోతి ఈ పని తన నెత్తిన పడేలా ఉందని గ్రహించి ఎగిరిపడ్డాడు.

"పులి పచ్చగానా! నిప్పుకణికలా ఎర్రగా మెరిసిపోతుంటే! కాస్త కళ్ళు పెట్టి చూడమ్మా. ఇది నిర్లక్ష్యం తప్ప వేరే జబ్బు కాదు."

చిత్రకారుడు నెమలి పురి విప్పి, పులిది ఎరుపూ కాదు, పచ్చా కాదు, అదొక అనుభూతి అన్నాడు. తత్వవేత్త గుడ్లగూబ, తనకు పగలు ఏమీ కనపడదు కనుక, అసలు రంగులనేవే లేవని తేల్చేశాడు. కురంగమ్మకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయిన అక్క మాట ఒక్కరూ ఎత్తలేదు.

అప్పుడు వెనక వరసలోంచి పులి శార్దూలరావు లేచాడు. సభలో ఎవరినీ తినకూడదని నియమం, అందుకని మహా మర్యాదగా ఉన్నాడు.

"చెల్లెమ్మ చెప్పిందే నిజం. నేను పచ్చే. కాకపోతే పసుపుపచ్చ. మామిడాకూ పచ్చే, మామిడిపండూ పచ్చే. ఎంతైనా పచ్చ పచ్చే కదా అధ్యక్షా?"

"అవునవును," అంటూ ఊసరవెల్లి అప్పటికే సగం పసుపు, సగం ఆకుపచ్చ అయిపోయాడు.

"మరి పచ్చగా ఉన్నదంతా పచ్చదనమేగా! పచ్చదనం మీద ఫిర్యాదు చెల్లుతుందా? పొదను చూసి ఎవరైనా కేకలు వేస్తారా?"

తీర్మానం పాసైంది. పులి పచ్చదనంలో ఒక భాగమనీ, దాన్ని చూసి అరిచినవాళ్ళకు శిక్ష తప్పదనీ చాటింపు వేశారు. డాక్టర్ కోతి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కురంగమ్మ దారి పొడుగునా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నీరసం వచ్చి, పక్కనున్న గడ్డి నాలుగు పరకలు కొరికింది. నములుతుంటే ఒక ఆలోచన తట్టింది. నమలడం ఆపి, అటునుంచటే అడవిదున్నల మంద దగ్గరికి పరుగెత్తింది.

"మహిషయ్య మావా! అడవిలో పచ్చగా ఉన్నదంతా ఎవరిది?"

"మేసేవాళ్ళది. తాతల నాటి చట్టం. ఏమ్మా, అలా అడిగావ్?" అన్నాడు మంద పెద్ద మహిషయ్య.

"సభవారు కొత్త మేత మంజూరు చేశారు మావా. రేవు పక్క పొదలో కూర్చుని ఉంది. పేరు శార్దూలరావు."

మహిషయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. తెల్లారేసరికి మందకు మందంతా శార్దూలరావు చుట్టూ చేరింది. ఒక దున్న తోక వాసన చూసింది. ఇంకోటి చెవి నాకింది.

"ఏమిటయ్యా ఈ అఘాయిత్యం!" అని గర్జించాడు పులి.

"మేత బాబూ. కాస్త బిరుసుగా ఉంది, లేతగా ఉన్నచోటు వెతుక్కుంటున్నాం," అన్నాడు మహిషయ్య, కొమ్ములు అతని డొక్కకు ఆనించి.

"నేను ఎరుపయ్యా! నిప్పులాంటి ఎరుపు! కావాలంటే ఆ కోతి డాక్టర్ని అడుగు!"

"మాకూ ఎరుపు కంటికి ఆనదు బాబూ. సభ ఏ రంగంటే మాకదే రంగు."

శార్దూలరావు ఒక్క దూకు దూకి సభకు పరుగెత్తాడు. వెనకే మంద, మంద వెనకే కురంగమ్మ.

"అధ్యక్షా, నేను ఎరుపు! చాటింపు మార్చండి!"

అన్ని కొమ్ములను ఒక్కసారిగా చూసిన ఊసరవెల్లి ముందు వెలవెలబోయి, తర్వాత ఎర్రబడ్డాడు. "అవునవును, ఎరుపే."

"ఎర్రనిది ప్రమాదం కదండీ. ప్రమాదం కనిపిస్తే కేక వెయ్యాలి కదా?" అంది కురంగమ్మ మెల్లగా.

ఊ అనకపోతే మేతైపోతానని శార్దూలరావే అందరికన్నా ముందు సమ్మతిగా పంజా ఎత్తాడు.

ఆ కేకల పని నెత్తిన పడ్డ డాక్టర్ కోతి ఇప్పుడు రోజంతా రేవు పక్క చెట్టెక్కి, పులి కనపడినప్పుడల్లా గొంతు పోయేలా అరుస్తున్నాడు. కురంగమ్మ పిల్ల కడుపు నిండా నీళ్ళు తాగి, "అమ్మా, పులి ఎర్రగా ఉంటుందట కదా, ఏదీ?" అని అడిగింది.

"నాకూ కనపడదే తల్లీ. ఆ కేక వినపడుతోంది చూడు, అదే ఎరుపు. పద, పరుగెత్తు!"

నీతి: నిజం చెబితే నెగ్గని చోట, ఎదుటివాడి అబద్ధాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చెయ్యాలి.