సముద్రమా, సరస్సా

ఆ ఉదయం చివరి ఫారం అచ్చుకిచ్చేసి, సూర్యప్రకాశరావు పంతులుగారితో కలిసి తీరిగ్గా కాఫీ తాగాలని షంషుద్దీన్ మౌల్వీగారు అనుకున్నారు. ఏలూరులో అరబ్బీ చెప్పే మౌల్వీగారూ, తెలుగు చెప్పే పంతులుగారూ ఏళ్ల తరబడి కూర్చుని ఒక పాత అరబ్బీ చరిత్రను తెలుగు చేశారు. తీరా ప్రెస్సులో ఒక్క మాట దగ్గర పేచీ వచ్చింది. ఓడిపోయిన సుల్తాను సైన్యం "బహర్"లో మునిగిపోయిందని మూలం. సముద్రమన్నారు మౌల్వీగారు. పెద్ద నీళ్లన్నిటినీ ఆ దేశంలో అలాగే అంటారు, ఇది సరస్సేనన్నారు పంతులుగారు.

"కొల్లేటి ఒడ్డున పుట్టినవాణ్ణండీ. అవతలి గట్టు కనపడని సరస్సు నేనెరగనా?"

"సరస్సంటే ఆ లోతు రాదండీ, పంతులుగారూ."

ఆయన అన్నది అంతే. అక్షరాలు కూర్చే దేవదానం ఆ మాట కాఫీ హోటల్లో చెప్పాడు. సాయంత్రానికి అది తెలుగుకే లోతు లేదన్నట్టయి, గ్రంథాలయంలో ఖండన సభ జరిగింది. సర్దిచెబుదామని వెళ్లిన పంతులుగారు, మూలాన్ని కాస్త పక్కనపెట్టి వాక్యం చూడమన్నారు. మసీదు వీధికి చేరేసరికి అది అరబ్బీనే పక్కన పెట్టమన్నట్టయింది. అక్కడో సభ. అడక్కుండానే దానికి మౌల్వీగారిని అధ్యక్షుణ్ణి చేశారు. అవతలి సభ వెనక ఉన్నది రెండో ఆయనేనని ఇద్దరూ ఎవరికి వారు నమ్మారు. అచ్చు ఆగింది, మాటలూ ఆగాయి. ఒంట్లో బాగుండక పంతులుగారు తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గరకు వెళ్లిపోయారు.

వానలు వెనకపట్టాక, ఆయన మంచం పట్టారని కబురు తెలిసింది. మౌల్వీగారికి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే ప్రెస్సుకు వెళ్లి, సరస్సనే వేయమని దేవదానంతో చెప్పి రైలెక్కారు.

ఆయన వెళ్లేసరికి అరుగు నిండా జనం. పంతులుగారిని అప్పటికే శ్మశానానికి తీసుకెళ్లిపోయారు.

భార్య రాజ్యమ్మగారు తలుపు పట్టుకుని నిలబడి చెప్పారు. "నిన్న రాత్రే ప్రెస్సుకు మనిషిని పంపారండీ, సముద్రమనే వేయమని. మౌల్వీగారికి అరబ్బీ నేను నేర్పేదేమిటన్నారు."

మౌల్వీగారు మెట్టుమీద కూలబడ్డారు.

"ఓడిపోదామనే వచ్చానమ్మా."

రెండు ఆజ్ఞల మధ్య చిక్కుకున్న దేవదానం, ఎవరి మాటా తీసెయ్యలేక "సరస్సముద్రం" అని కూర్చాడు. దిద్దమంటారా అని అడిగితే, కళ్లు తుడుచుకుంటూ మౌల్వీగారు తల అడ్డంగా ఊపారు.

అనువాదకులిద్దరికీ ఒక్క మాటలోనైనా భేదాభిప్రాయం రాని పుస్తకమని మద్రాసు పత్రిక ఒకటి మెచ్చుకుంది.